ఇరిడియం పెట్టె మీద కొబ్బరికాయ

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఇరిడియంతో బతికాను. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఉద్యోగం ఏమిటని అడిగితే ఈ మాటే చెప్పేవాణ్ణి. సగం మంది అదేదో కంపెనీ పేరనుకునేవారు. మిగతా సగం మంది, రేడియేషన్ అన్న మాట చెవిన పడగానే, కుర్చీ కాస్త అవతలికి జరుపుకునేవారు.

మా గోదావరి జిల్లాల్లో నేల కింద గ్యాసు ఉంది. దాన్ని తీసుకెళ్ళే ఉక్కు పైపులు వరిచేల కిందుగా, కాలవల కిందుగా పోతాయి. రెండు పైపులు కలిపి వెల్డింగు చేసిన ప్రతి అతుకునూ ఎక్స్‌రే తీసినట్టు ఫోటో తీసి, లోపల పగులు లేదని తేలాకే మట్టి కప్పుతారు. ఆ ఫోటోకు కావలసిన కిరణాలిచ్చేది ఇరిడియం. తీసేవాళ్ళు ఒళ్ళు కాల్చుకోకుండా చూడటం నా పని. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ అని కార్డు మీద ఉండేది.

నాకొచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. రెండే వచ్చాయి, రెండూ ఆలస్యంగా వచ్చాయి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు ట్రైనింగులో లెక్కలు బాగానే నేర్పుతారు: దూరం రెట్టింపయితే కిరణాల బలం నాలుగో వంతవుతుంది, ఇలాంటివి. వాటికి నేను కలిపేది ఏమీ లేదు. వాళ్ళకు ఎవరూ నేర్పనిది ఒకటుంది. అది మొహమాటం వల్ల మనిషి వేళ్ళు పోయే పరిస్థితి ఎలా వస్తుందన్నది. నాకు అది సత్తిబాబు కుడి చెయ్యి నేర్పింది.

ఆ లోహం సంగతి

ధవళేశ్వరంలో మా నాన్నగారు ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. ఆయన జేబులో ఎప్పుడూ రాజమండ్రిలో చేత్తో చేసిన పెన్ను ఉండేది. పాళీ చివర, ఆవగింజలో పదో వంతు కూడా ఉండని తెల్లటి చుక్కను చూపించి, "ఇది ఇరిడియంరా. రాసేవాడు అరిగిపోవాలి గాని ఇది అరగదు" అనేవారు. ఈ రోజుల్లో ఆ చుక్కలో అసలు ఇరిడియం ఎంత ఉంటుందో చేసేవాళ్ళకే తెలియాలి. పేరు మాత్రం మిగిలింది.

ప్లాటినానికి దగ్గరి చుట్టం ఈ లోహం. నేలలో చాలా అరుదుగా దొరుకుతుంది. సీసంకన్నా దాదాపు రెండింతలు బరువు. తుప్పు పట్టదు. బంగారాన్ని కరిగించే ఆమ్లాల మిశ్రమం కూడా దీన్ని ఏమీ చెయ్యలేదు. విపరీతమైన వేడికి తట్టుకుంటుంది గనక స్ఫటికాలు పెంచే మూసలకూ, ఖరీదైన స్పార్క్ ప్లగ్గుల కొనలకూ వాడతారు. దాని లవణాలు రంగురంగులుగా ఉంటాయని ఇంద్రధనుస్సు మీదుగా ఆ పేరు పెట్టారట. నేను మటుకు ఆ రంగులు ఎన్నడూ చూడలేదు. మా దగ్గరికి వచ్చే ఇరిడియాన్ని కంటితో చూసేంత దగ్గరికి వెళ్ళినవాడు ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

ఎందుకంటే మాకు వచ్చేది రియాక్టరులో పెట్టి తీసినది. మిరియపు గింజకన్నా చిన్న బిళ్ళలను స్టీలు గొట్టంలో బిగించి, జానెడు కేబులు ముక్కకు తగిలించి పంపుతారు. దాన్ని మేం సోర్సు అంటాం. డెబ్భై నాలుగు రోజులకు దాని బలం సగమవుతుంది, మరో డెబ్భై నాలుగు రోజులకు అందులో సగం. కొత్త సోర్సు వచ్చిన మొదటి వారాల్లో పని చకచకా సాగుతుంది, భయమూ అప్పుడే ఎక్కువ. నేను చెప్పబోయే దసరాకు మా సోర్సు వచ్చి ఐదు రోజులయింది.

సోర్సు ఉండే పెట్టెను కెమెరా అంటాం. చూడటానికి చిన్నదే, ఎత్తబోతే పాతిక కిలోల బియ్యం బస్తా. పెట్టె వెనక మూతి దగ్గర ఒక పొడవాటి కేబులును సోర్సుకు తగిలిస్తాం. ముందు వైపు ఒక గొట్టం బిగించి, దాని కొసను పైపు అతుకు దగ్గర పెడతాం. దూరంగా నిలబడి చేతిమర తిప్పితే కేబులు సోర్సును గొట్టం కొసదాకా తోస్తుంది. ఫోటో అయ్యాక వెనక్కి తిప్పితే పెట్టెలోకి లాక్కొస్తుంది. కేబులునూ సోర్సునూ కలిపి ఉంచేది చిటికెన వేలి గోరంత కొక్కెం. అది సరిగ్గా పట్టిందో లేదో చూడటానికి ఒక గేజి ఉంటుంది. పొద్దున్నే పని మొదలుపెట్టేముందు ఆ గేజి పెట్టి చూసి తీరాలి.

నా మొదటి బాసు తుని వైపు పెద్దాయన. ప్రతి షాటు తర్వాతా, అంటే ప్రతి ఫోటో తీశాక, "కేబులొచ్చింది సరేనయ్యా, సోర్సొచ్చిందా?" అని అడిగేవారు. నోటితో వచ్చిందండి అంటే ఒప్పుకునేవారు కాదు. మీటరు పట్టుకుని పెట్టె దాకా వెళ్ళి చూసొచ్చి చెప్పాలి. మాట కటువు, నలుగురిలో పరువు తీసేవారు, ఆయనంటే ఎవరికీ పడేది కాదు. నేను ఆ కుర్చీలోకి వచ్చాక ఆయనలా ఉండకూడదని గట్టిగా అనుకున్నాను. అందరితో మంచిగా ఉన్నాను. ఆయన కింద పనిచేసినన్నాళ్ళూ ఎవరి గోరూ ఊడలేదన్న సంగతి అప్పట్లో నాకు తట్టలేదు.

దసరా సాయంత్రం

మండపేట అవతల ఒక రైసుమిల్లు గోడౌను అద్దెకు తీసుకుని క్యాంపు పెట్టాం. పదిమందిమి ఉండేవాళ్ళం. అందులో పెద్ద ఆపరేటరు సత్తిబాబు. నలభై ఏళ్ళ మనిషి, కోనసీమ వాడు, ఈ పనిలో తలపండినవాడు. చేతిమర తిప్పేటప్పుడు చుట్లు పెదాలతో లెక్కపెట్టుకునేవాడు. ఎవర్నీ పల్లెత్తు మాట అనేవాడు కాదు.

ఆయుధపూజకు పనిముట్లన్నీ చాప మీద వరసగా పేర్చారు. కెమెరా, రేడియేషన్ కొలిచే మీటరు, కిరణాలు తగిలితే కూసేలా ప్రతివాడూ జేబులో పెట్టుకునే అలారం డబ్బా, అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. కెమెరా వెనక మూతికి ఉండే ప్లగ్గు తీసి అక్కడ కూడా బొట్టు పెట్టారు. అది నాకు కనిపించింది. ప్లగ్గు పెట్టెయ్యండి అని చెప్పాల్సింది నేనే. మాది లూథరన్ చర్చి కుటుంబం. వాళ్ళ పూజలో తప్పులు ఎన్నుతున్నాననుకుంటారేమో అని నోరు మూసుకున్నాను. నా అలారం డబ్బా మాత్రం అలవాటుగా నా జేబులోనే ఉండిపోయింది. ఇమ్మని అడగడానికి వాళ్ళకూ మొహమాటమే.

అంతలో సత్తిబాబు ఒక కొబ్బరికాయ తెచ్చి నా చేతిలో పెట్టి, "మొదటి కాయ మీ చేత్తోనే కొట్టాలండి" అన్నాడు. మా ఇంట్లో కొబ్బరికాయ అంటే పచ్చడికి, అది కూడా మా ఆవిడే కత్తి వీపుతో కొట్టుకునేది. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. ఎక్కడ కొట్టాలో అడిగితే నేనే చిన్నబోతాను. గుమ్మం పక్కన రాయి కడిగి పెట్టారట, నా కళ్ళకు ఆనలేదు. ఎదురుగా గట్టిగా కనిపించింది కెమెరా. దాని స్టీలు అంచు మీద కొట్టాను. కాయ చక్కగా రెండు చెక్కలయింది. నీళ్ళు చాలావరకు ఆ వెనక మూతి మీద పడ్డాయి, మిగతావి పక్కనున్న మీటరు మీదా డబ్బాల మీదా చిందాయి.

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత చప్పట్లు కొట్టారు. సత్తిబాబు భుజం మీది తువ్వాలుతో పెట్టె తుడిచి, బాగా పగిలిందండి, శుభం అన్నాడు. నేను పొంగిపోయాను. అందరం పులిహోర తిన్నాం.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి

కాలవ గట్టు పక్కన కందకంలో పైపు ఉంది. చుట్టూ వెన్ను తీస్తున్న వరి. జనం రాకుండా పసుపు తాడు కట్టాం. నేను తాడు దగ్గర, రోడ్డు వైపు నిలబడ్డాను. సత్తిబాబు కేబులు తగిలించాడు. గేజి పెట్టి చూశాడో లేదో నేను చూడలేదు. కాగితం మీద చూసినట్టు టిక్కు పెట్టాను. ఎన్నో ఏళ్ళుగా అతను ఏ రోజూ తప్పలేదు గనక నా చెయ్యి దానంతట అదే టిక్కు పెట్టేసింది.

మొదటి షాటు నడుస్తుండగా ప్రాజెక్టు మేనేజరు గారు ఫోన్ చేశారు. పండగ పేరుతో రెండు రోజులు పోయాయనీ, సాయంత్రానికి ఇన్ని అతుకులు కావాలనీ ఆయన గొడవ. నేను వింటూ ఉన్నాను. సత్తిబాబు మర వెనక్కి తిప్పాడు. కేబులు వెనక్కొచ్చింది. సోర్సు లోపలికి రాగానే పెట్టె తాళం టక్కున పడాలి, పడలేదు. అతని చేతిలోని మీటరు ముల్లు చివరికంటా వెళ్ళి ఆగిపోయింది. అతని జేబులో డబ్బా కూస్తూనే ఉంది. అతను నా వైపు తిరిగి, "అన్నీ తడిసినట్టున్నాయండి, కొబ్బరినీళ్ళకి" అని కేకేశాడు.

నేను ఫోన్లో ఉండి "ఊఁ" అన్నాను.

ఆ ఊఁ నా ఉద్యోగ జీవితంలో అన్నిటికన్నా ఖరీదైన మాట. సార్ ఒప్పుకున్నారు గదా అని సత్తిబాబు తన డబ్బా ఆపేశాడు. గొట్టం ఎక్కడైనా మడత పడిందేమో చూద్దామని కందకంలోకి దిగాడు.

అప్పుడు నాకు వినిపించింది. షాటు అయిపోయింది, అయినా నా జేబులో డబ్బా కూస్తోంది. నాది పూజలో పెట్టలేదు. దాని మీద చుక్క నీరు పడలేదు.

తల తిప్పి చూసేసరికి సత్తిబాబు గొట్టం కొసను కుడిచేతి వేళ్ళ మధ్య పట్టుకుని, కళ్ళ దగ్గరికి తెచ్చుకోబోతున్నాడు. సోర్సు ఆ కొసలోనే ఉంది. కేబులు ఒంటరిగా వెనక్కి వచ్చింది.

నేను ఎవర్నీ అరే ఒరే అననివాణ్ణి. "వదలరా, వదిలి పరిగెత్తరా" అని అరిచాను. అతను కిరణాలకు కాదు, నా గొంతుకు భయపడి వదిలేశాడు. గట్టెక్కి నా దగ్గరికి వచ్చి, ఏం తప్పు చేశానండి అన్నాడు. ఫోన్లో మేనేజరు గారు ఇంకా అతుకుల లెక్క చెబుతూనే ఉన్నారు.

తర్వాత జరిగింది ట్రైనింగు పుస్తకంలో ఉన్నట్టే జరిగింది. తాడు ఇంకా దూరం జరిపాం. గట్టు మీదుగా గడ్డిమోపుతో వస్తున్న ఒకావిడను ఆపితే, రోజూ వెళ్ళే దారే గదయ్యా అని నన్ను తిట్టి వెనక్కి వెళ్ళింది. సత్తిబాబును జీపులో కూర్చోబెట్టాను. రెండో ఆపరేటరు దుర్గారావూ నేనూ కాగితం మీద బొమ్మ గీసుకుని, ఎవరు ఎన్ని లెక్కపెట్టేలోపు వెనక్కి రావాలో రాసుకున్నాం. ముందు సీసపు గుళ్ళ సంచులు గొట్టం కొస మీద వేశాం. ఆ చాటున గొట్టాన్ని పెట్టె నుంచి విప్పి, పొడవాటి పటకారుతో ఎత్తి వంచితే సోర్సు జారి సీసపు కుండలో పడింది. మూత పెట్టేసరికి మూడయింది. వెనక్కొచ్చిన కేబులు కొసన చూస్తే, పెట్టె మూతిలో పసుపూ కుంకుమా కొబ్బరినీళ్ళూ కలిసిన జిగురు అంటుకుని కొక్కెం స్ప్రింగు తెరుచుకునే ఉండిపోయింది. పొద్దున తగిలిస్తే పట్టినట్టే ఉంది, వెనక్కి లాగితే ఊడింది.

ఎన్ని సెకన్లు

కాలిన గాయమైతే వెంటనే తెలుస్తుంది. ఇది అలా కాదు. వేళ్ళు ఆ రోజు మామూలుగానే ఉంటాయి, వారం తర్వాతా అలాగే ఉండొచ్చు. ఫోన్లో దొరికిన స్పెషలిస్టు డాక్టరు గారు ఒకటే అడిగారు: ఎక్కడ పట్టుకున్నాడు, ఎన్ని సెకన్లు? రెండు మూడైతే ఏమీ కాకపోవచ్చు. పదీ పన్నెండైతే బొబ్బలు. నిమిషమైతే వేళ్ళు తీసెయ్యాల్సి రావొచ్చు. ముందే తెలిస్తే చెయ్యవలసింది ముందే మొదలుపెట్టొచ్చు. ఛాతీ మీద పెట్టుకునే, కిరణాలు కొలిచే బ్యాడ్జి ఒంటి లెక్క చెబుతుంది గాని వేళ్ళ లెక్క చెప్పదు.

సాయంత్రం గోడౌనులో ఖాళీ గొట్టం ఒకటి పడేసి, పొద్దున ఎలా చేశావో అలాగే చెయ్యి అని సత్తిబాబుకు చెప్పి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకున్నాను. వంగాడు, ముట్టుకున్నాడు, వదిలేశాడు. రెండు సెకన్లు. అలా తగిలిందంతేనండి అన్నాడు. మళ్ళీ చెయ్యమన్నాను. ఈసారి నాలుగు, పట్టుకున్న చోటు కూడా మారింది. మూడోసారి మళ్ళీ రెండు. నా మొహంలోకి చూడడం లేదు. నన్ను కంగారు పెట్టకూడదని తక్కువ చెబుతున్నాడని నాకు అర్థమైంది. ఆ మర్యాదకు అతని వేళ్ళు పోతాయి.

మధ్యలో మేనేజరు గారు మళ్ళీ ఫోన్ చేసి, జరిగిందంతా నా నోట విని, ఆపరేటరు అజాగ్రత్త అని రాసి పంపించెయ్యండి అన్నారు. "కాయ సంగతి ఎందుకండీ, పూజ, మీ మతం, అదంతా గొడవవుతుంది. మీకే ఇబ్బంది" అన్నారు. ఆ మాట ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కాయ సంగతి దాచడం నా పిరికితనం కాదు, అందరి మంచి కోసమే అన్నట్టు వినిపించింది. అరగంట సేపు ఆ రిపోర్టు అలాగే టైపు చేశాను. అది వెళ్తే సత్తిబాబు లైసెన్సు పోతుంది. అతనికి వచ్చిన పని ఇదొక్కటే.

సగంలో ఆపి బయటికి వచ్చాను. అందర్నీ పిలిచి, వాళ్ళ ముందే సత్తిబాబుతో అన్నాను: "ప్లగ్గు తీసి ఉండటం నేను చూశాను. చెప్పలేదు. కెమెరా మీద కాయ కొట్టింది నేను. పొద్దున చూడకుండా టిక్కు పెట్టింది నేను. ఇవన్నీ రిపోర్టులో రాస్తున్నాను. ఇంక నా పరువు కాపాడాల్సిన పని నీకు లేదు. ఎన్ని సెకన్లో చెప్పు."

అతను తువ్వాలు నలుపుతూ అన్నాడు: "నీళ్ళు లోపలికెళ్ళడం నేనూ చూశానండి. అందరిలో మీకు చెప్తే బాగోదని ఊరుకున్నాను. పొద్దున్న గేజి కావాలనే పెట్టలేదండి. కొక్కెం చేతికి పట్టినట్టే ఉంది, గేజి పెడితే ఆ జిగురుకి సరిపోదు, సరిపోకపోతే ఎందుకని అడుగుతారు, మీ మాటొస్తుంది. సాయంత్రం నేనే కడిగేద్దామనుకున్నాను."

ఇద్దరం ఒకరినొకరు నొప్పించకుండా ఉండటానికి ఎంత జాగ్రత్త పడ్డామో, ఆ జాగ్రత్తలో పావు వంతు ఆ కొక్కెం మీద పెట్టలేదు.

అప్పుడు సత్తిబాబు ఖాళీ గొట్టం దగ్గర కూర్చుని, బొటనవేలూ చూపుడువేలూ సరిగ్గా కొస మీద వేసి పట్టుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి, మర చుట్లు లెక్కపెట్టినట్టే. వదిలాక నేను ఫోను చూశాను. పదకొండు.

పంతొమ్మిదో రోజు

చికిత్స మర్నాడే మొదలైంది. రోజూ పొద్దున అతని చెయ్యి ఫోటో తీసి డాక్టరు గారికి పంపేవాణ్ణి. పది రోజులు ఏమీ లేదు. పదిహేనో రోజుకు చూపుడువేలు కొంచెం ఎర్రబడింది. పంతొమ్మిదో రోజున రెండు వేళ్ళకూ బొబ్బలు లేచాయి. సత్తిబాబు భార్య ఆసుపత్రి వరండాలో నన్ను చూసి లేచి నిలబడి, కాఫీ తాగారా అండి అని అడిగింది. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను బయటికి వెళ్ళి జీపు చాటున ఏడ్చాను.

వేళ్ళు నిలిచాయి. పదకొండు అని ముందే తెలియడం మేలు చేసిందని డాక్టరు గారు అన్నారు. చూపుడువేలి కొన మాత్రం సన్నబడి నున్నగా అయిపోయింది, గోరు వంకరగా పెరిగింది. ఆ వేలికి వేడీ చల్లనా తెలియవు. అన్నం కలిపేముందు ఎడమచేత్తో కంచం ముట్టుకుని చూసుకుంటాడు.

రిపోర్టులో కాయ సంగతి రాశాను. నా సర్టిఫికెట్టు కొన్నాళ్ళు పక్కన పెట్టారు, మేనేజరు గారు నాతో మాటలు మానేశారు. సత్తిబాబుకు మందలింపు వచ్చింది, లైసెన్సు మిగిలింది. కొత్తగా వస్తున్నవాళ్ళకు నా సొంత అభిప్రాయం ఒకటి చెబుతాను. మీటరు తప్పు చెబుతోందని మీకు అనిపించిన రోజున ముందు వెనక్కి నడవండి, ఆలోచన తర్వాత. పై అధికారి మంచివాడైతే ఇంకా ఎక్కువ భయపడండి, అతనికి ఎవరూ నిజం చెప్పరు. నా మొదటి బాసు కటువుతనం మంచిదని నేను ఇప్పటికీ అనను. ఆయన ప్రశ్న మాత్రం నాకు కావలసి ఉండింది, దాన్ని ఆయన కోపంతో పాటు పారేశాను.

మరుసటి దసరాకు నేను తిరిగి పనిలో ఉన్నాను. అదే గోడౌను, అదే చాప. కెమెరాకు ప్లగ్గు పెట్టి, ప్లాస్టిక్ గుడ్డ చుట్టి, గోడ వారగా పెట్టారు. బొట్టు గుడ్డ మీద పెట్టారు. సత్తిబాబు కొబ్బరికాయ తెచ్చి నా చేతికిచ్చాడు. నేను ఎవరినో పలకరిస్తూ, చూసుకోకుండా ఆ కెమెరా వైపే ఒక అడుగు వేసి చెయ్యి ఎత్తాను.

ఎత్తిన నా మణికట్టును అతను పట్టుకున్నాడు. ఆ కుడిచేత్తోనే. నున్నటి ఆ వేలు నా చేతికి తగిలింది. పదిమందీ చూస్తున్నారు.

"ఇక్కడ కాదండి" అన్నాడు గట్టిగా. "రాయి అక్కడుంది."